ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్: పైలట్ స్థాయి నుంచి వాయుసేనాధిపతి వరకు

ఇద్రిస్ హసన్ లతీఫ్ (1923 జూన్ 9 – 2018 ఏప్రిల్ 30) భారత వాయుసేనకు 1978 నుంచి 1981 వరకు అధిపతిగా పనిచేసిన యుద్ధ విమాన చోదకుడు. హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కళాశాలలో చదివి, 18వ ఏట వాయుసేనలో చేరారు. దాదాపు 40 ఏళ్ల సేవలో అట్టడుగు అధికారి హోదా నుంచి ఎయిర్ చీఫ్ మార్షల్ వరకు ఎదిగారు. సైన్యంలో జనరల్ హోదాకు వాయుసేనలో సమానమైనది ఇదే. స్వతంత్ర భారత సాయుధ దళాలలో ఒకదానికి నాయకత్వం వహించిన మొదటి ముస్లిం అధికారి ఆయన. పదవీ విరమణ తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా పనిచేసి, చివరి మూడు దశాబ్దాలు హైదరాబాద్‌లోనే గడిపారు.

హోదాల క్రమం: విమాన చోదకుడు జనరల్ స్థాయికి చేరే దారి

వాయుసేనలో అధికారుల హోదాలు సైన్యంలోని హోదాలకు సమాంతరంగా నడుస్తాయి, పేర్లు మాత్రం వేరు. లతీఫ్ చేరిన కాలంలో కొత్త అధికారి పైలట్ ఆఫీసర్‌గా మొదలయ్యేవారు. ఈ హోదా ఇప్పుడు వాడుకలో లేదు, నేటి అధికారులు నేరుగా ఫ్లయింగ్ ఆఫీసర్లుగా అడుగుపెడతారు. తరువాత వరుసగా ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, గ్రూప్ కెప్టెన్ హోదాలు వస్తాయి. గ్రూప్ కెప్టెన్ సైన్యంలో కల్నల్‌కు సమానం. ఆ పైన ఎయిర్ కమొడోర్ నుంచి 'ఎయిర్ ఆఫీసర్ల' శ్రేణి మొదలవుతుంది. ఎయిర్ కమొడోర్ బ్రిగేడియర్‌తో, ఎయిర్ వైస్ మార్షల్ మేజర్ జనరల్‌తో, ఎయిర్ మార్షల్ లెఫ్టినెంట్ జనరల్‌తో, ఎయిర్ చీఫ్ మార్షల్ జనరల్‌తో సరితూగుతారు.

ఎయిర్ చీఫ్ మార్షల్ హోదా సాధారణంగా ఒక్కరికే, అంటే పదవిలో ఉన్న వాయుసేనాధిపతికే దక్కుతుంది. 1966 దాకా భారత వాయుసేనాధిపతి హోదా ఎయిర్ మార్షల్ మాత్రమే. 1965 యుద్ధం తరువాత, 1966 జనవరిలో అర్జన్ సింగ్ పదవీకాలంలో దానిని ఎయిర్ చీఫ్ మార్షల్ స్థాయికి పెంచారు. దీనికి పైన ఉన్న అయిదు నక్షత్రాల మార్షల్ హోదా గౌరవార్థమే. 2002లో దానిని అందుకున్న అర్జన్ సింగ్ తప్ప వాయుసేనలో మరెవరికీ అది దక్కలేదు.

పైకి వెళ్లేకొద్దీ దారి ఇరుకవుతుంది. కింది హోదాలకు సేవాకాలం, పరీక్షలు, శిక్షణ ఆధారం. గ్రూప్ కెప్టెన్ నుంచి పైకి ప్రధానంగా ఎంపిక మండలులే నిర్ణయిస్తాయి. అక్కడ విమానం నడపడంలో నేర్పు ఒక్కటే సరిపోదు. స్క్వాడ్రన్‌ను నడిపించారా, స్థావరాన్ని నిర్వహించారా, స్టాఫ్ కళాశాల చదువు పూర్తి చేశారా, ప్రధాన కార్యాలయంలో ప్రణాళికలు వేశారా అన్నవన్నీ లెక్కకు వస్తాయి. వాయుసేనాధిపతి పదవికి ఫ్లయింగ్ శాఖ అధికారినే ఎంచుకోవడం ఆనవాయితీ. నేటి నిబంధనల ప్రకారం పదవీకాలం మూడేళ్లు లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. లతీఫ్ జీవితంలో ఈ మెట్లన్నీ ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. ఒక విమాన చోదకుడు సేనాధిపతి ఎలా అవుతాడో అర్థం చేసుకోవడానికి తెలుగు నేల మీద దొరికే నిండైన ఉదాహరణల్లో ఇది ఒకటి.

నేపథ్యం: హైదరాబాద్ రాజ్యం, విమానయానం, నారాయణఖేడ్ సీమ

లతీఫ్ పుట్టేనాటికి హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఉంది. నేటి తెలంగాణ సరిహద్దులో, బీదర్ పొరుగున ఉన్న కల్హేర్, నారాయణఖేడ్ ప్రాంతం కూడా ఆ రాజ్యంలోదే. అప్పట్లో నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసి మెదక్ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో నేడు ఉంది. ఈ ప్రాంతానికి పొరుగునే మంజీర నది మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో, లతీఫ్ పుట్టిన ఏడాదే, మొదలై 1931లో ముగిసింది. రాజ్యంలో ఇంజనీర్లకు ఎంతో పేరున్న కాలం అది. లతీఫ్ తండ్రి హసన్ లతీఫ్ కూడా హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజనీరుగా పనిచేసినవారే.

విమానాలతో హైదరాబాద్ సంబంధం అంతకు ముందే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం చివరిలో, 1918లో, బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనడానికి నిజాం డబ్బు ఇచ్చారు. ఆ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అనే పేరు పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ అదే పేరు వచ్చింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది, స్పిట్‌ఫైర్ విమానాలతో అది బ్రిటన్ గగన పోరాటంలో పాల్గొంది. నగరంలోని బేగంపేట విమానాశ్రయంలో యుద్ధకాలంలో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది. 

బాల్యం, చదువు

లతీఫ్ కుటుంబం సులేమానీ బోహ్రా శాఖకు చెందినది. 1887లో స్థాపించిన నిజాం కళాశాలలో ఆయన చదువు సాగింది. ఆ చదువు నుంచే 1941లో వాయుసేనకు ఎంపికయ్యారు. భారత వాయుసేన స్థాపన 1932 అక్టోబరు 8న జరిగింది, దాని మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలో ఏర్పడింది. అంటే లతీఫ్ చేరేనాటికి ఆ సంస్థకు నిండా పదేళ్లు కూడా లేవు. యుద్ధం కారణంగా అది ఉన్నట్టుండి విస్తరిస్తోంది, చదువుకున్న యువకుల కోసం వెతుకుతోంది. 1942 జనవరిలో ఆయన అధికారిగా నియామకం పొందారు.

యుద్ధకాలం, 1942–1945

మొదటి నియామకం కరాచీలో, తీర రక్షణ దళంలో. ఓడరేవులకు వచ్చే నౌకల మీద శత్రు జలాంతర్గాములు దాడి చేయకుండా సముద్రం మీద గస్తీ తిరగడం ఈ దళాల పని. విశాఖపట్నంలోనూ అటువంటి దళం ఒకటి ఉండేది. వారికి ఇచ్చినవి బ్రిటిష్ వాయుసేన పక్కన పెట్టేసిన పాత విమానాలు: వాపిటి, ఆడాక్స్, హార్ట్. మూడూ రెండు వరుసల రెక్కలవే.

వాపిటిలో చోదకుడి నెత్తిన కప్పు ఉండదు. తోలు టోపీ, కళ్లద్దాలు, ముఖాన ఉప్పుగాలి. వెనక గదిలో మరొకరు తుపాకీ పట్టుకుని నీటి వైపు చూస్తూ కూర్చుంటారు. గరిష్ఠ వేగం గంటకు 220 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఉన్నది ఒక్కటే ఇంజన్, అరేబియా సముద్రం మీద అది ఆగితే దిగడానికి నేల లేదు. అలలకు దగ్గరగా ఎగురుతూ, జలాంతర్గామి తన పెరిస్కోప్‌ను పైకెత్తినప్పుడు నీటి మీద గీసే సన్నని తెల్లటి చారను వెతకడమే పని. గంటల కొద్దీ ఏమీ కనిపించదు, కానీ కళ్లు తిప్పడానికి వీల్లేదు. పందొమ్మిదేళ్ల వయసులో లతీఫ్ చేసిన యుద్ధసేవ ఇది.

1943–44లో బ్రిటిష్ వాయుసేనతో కలిసి పనిచేయడానికి ఇంగ్లండుకు పంపిన కొద్దిమంది భారతీయ చోదకులలో ఆయన ఒకరు. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ వంటి ఆధునిక యుద్ధ విమానాలపై తర్ఫీదు పొందారు. 1944లో తిరిగి వచ్చి బర్మా యుద్ధరంగంలో పాల్గొన్నారు. బర్మాలో భారత స్క్వాడ్రన్లు అడవుల్లో పోరాడుతున్న పదాతి దళానికి దన్నుగా శత్రు స్థావరాలపై దాడులు చేసేవి, ఫోటోలు తీసి శత్రువు కదలికలు తెలిపేవి. ఆ సేవకు గుర్తింపుగా 1945 మార్చిలో వాయుసేన పేరు ముందు 'రాయల్' అనే బిరుదు చేరింది. 1950లో దేశం గణతంత్రమైనప్పుడు దానిని తొలగించారు.

1946 జూన్‌లో లండన్‌లో జరిగిన విజయ కవాతులో పాల్గొన్న భారత సాయుధ దళాల బృందంలో లతీఫ్ ఉన్నారు.

1947: దేశ విభజన సమయంలో నిర్ణయం

విభజనతో పాటే సేనలనూ రెండుగా పంచారు. విమానాలను, స్క్వాడ్రన్లను, యంత్ర సామగ్రిని లెక్కగట్టి పంచుకున్నారు. ముస్లిం అధికారులు ఏ దేశపు సేనలో కొనసాగుతారో తేల్చుకోవలసి వచ్చింది. అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ లతీఫ్‌కు వాయుసేనలో సహచరులు, ఇద్దరూ ఆ తరువాత పాకిస్తాన్ వాయుసేనాధిపతులయ్యారు. కొత్త దేశపు వాయుసేనలో చేరమని వారిద్దరూ ఆయనను పిలిచారు. మతాన్నీ దేశాన్నీ ముడిపెట్టి చూడనని లతీఫ్ స్పష్టంగా చెప్పి భారత వాయుసేనలోనే ఉండిపోయారు.

ఈ నిర్ణయం విలువ తెలియాలంటే ఆయన సొంత ఊరి పరిస్థితిని కూడా గుర్తుచేసుకోవాలి. 1947 ఆగస్టు 15 నాటికి హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలవలేదు. 1948 సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజుల్లో ముగిసిన సైనిక చర్యతో అది విలీనమైంది. పుట్టిన రాజ్యం ఎటు పోతుందో తేలకముందే, ఇరవై నాలుగేళ్ల ఆ అధికారి తాను ఏ జెండా కింద ఉండాలో తేల్చుకున్నారు.  ఆయన తక్కిన జీవితమంతా ఈ నిర్ణయం మీదే నిలబడింది.

స్క్వాడ్రన్ నాయకత్వం

విభజన తరువాత స్క్వాడ్రన్ లీడర్‌గా టెంపెస్ట్ విమానాలున్న 4వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించారు. పంఖా ఇంజన్‌తో నడిచే యుద్ధ విమానాల్లో టెంపెస్ట్ చివరి తరానిది. వేగం గంటకు 700 కిలోమీటర్ల దాకా ఉండేది. 1950 జనవరి 26న భారతదేశం గణతంత్రంగా అవతరించిన సందర్భంలో ఢిల్లీ మీదుగా సాగిన విమాన విన్యాసానికి నేతృత్వం వహించినది ఆయనే. అనంతరం వెల్లింగ్టన్‌లోని రక్షణ సేవల స్టాఫ్ కళాశాలలో చదివారు. అధికారి ఒక స్క్వాడ్రన్ గురించి ఆలోచించడం మాని మొత్తం సేన గురించి ఆలోచించడం నేర్చుకునే చోటు అది.

వాషింగ్టన్ నుంచి ప్రణాళికా విభాగానికి

1961 నుంచి కొన్నేళ్లపాటు లతీఫ్ వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయంలో వాయుసేన ప్రతినిధిగా పనిచేశారు. కెనడా బాధ్యత కూడా ఆయనదే. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది ఈ కాలంలోనే. ఆ యుద్ధం భారత రక్షణ సిద్ధతలోని లోపాలను బయటపెట్టింది, ఆయుధాల కోసం దేశం విదేశాల వైపు చూడవలసి వచ్చింది. ఏ దేశం ఏ విమానాన్ని ఏ షరతుల మీద అమ్ముతుంది, ఎప్పుడు వెనక్కి తగ్గుతుంది అన్నది దగ్గరగా చూసే అవకాశం ఆ పదవిలో ఉన్నవారికి దక్కింది. పదిహేనేళ్ల తరువాత జాగ్వార్ వ్యవహారంలో ఇటువంటి అవగాహన ఎంత అవసరమో కింద చూడవచ్చు.

1971 యుద్ధకాలానికి ఆయన వాయుసేన ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల సహాయాధిపతిగా ఉన్నారు. ఆయుధ వ్యవస్థలు, విమానాలు, సామగ్రి ఎంపిక ఆయన బాధ్యత. ఇది యుద్ధ కథల్లోకి ఎక్కని పని. స్క్వాడ్రన్లలో ఏ విమానాలు ఎన్నేళ్లలో కాలం చెల్లుతాయి, వాటి స్థానంలో ఏవి రావాలి, వాటికి చోదకులను, మరమ్మతు సిబ్బందిని ఎప్పటినుంచి తయారుచేయాలి, విడిభాగాలు ఎక్కడినుంచి వస్తాయి అన్న లెక్కలు అక్కడ వేస్తారు. కొత్త విమానం కావాలన్న ఆలోచనకూ, అది రన్‌వే మీద దిగడానికీ మధ్య ఒక్కోసారి పదేళ్లకు పైగా పడుతుంది. అందువల్ల ఈ కుర్చీలో కూర్చున్నవారి తీర్పులోని తప్పొప్పులు వారు రిటైరయ్యాక గానీ తేలవు. లతీఫ్ బల్ల దగ్గరే ఉండిపోకుండా యుద్ధ సమయంలో ముందు వరుస స్థావరాలకు వెళ్తుండేవారు. 1971 డిసెంబరు 16న పాకిస్తాన్ సేనలు ఢాకాలో లొంగిపోయిన సమయానికి తూర్పు రంగంలో ఉన్నారు. విశిష్ట సేవకు పరమ విశిష్ట సేవా పతకం అందుకున్నారు. ఆ తరువాతి సంవత్సరాలలో ఎయిర్ మార్షల్ హోదాలో ఉన్నత బాధ్యతలు నిర్వహించారు.

వాయుసేనాధిపతి, 1978–1981

ఎయిర్ చీఫ్ మార్షల్ హృషీకేశ్ మూల్గావ్‌కర్ పదవీ విరమణ చేశాక 1978 సెప్టెంబరులో లతీఫ్ వాయుసేనాధిపతి అయ్యారు. పైలట్ ఆఫీసరు చేతి మీద ఒక సన్నని పట్టీ ఉంటే, ఎయిర్ చీఫ్ మార్షల్ చేతి మీద ఒక వెడల్పాటి పట్టీ, దానిపైన మూడు సన్న పట్టీలు ఉంటాయి. ఆ నాలుగు పట్టీలకు చేరడానికి ఆయనకు ముప్ఫై ఆరేళ్లు పట్టింది.

*జాగ్వార్ ఎంపిక.* అప్పటికి వాయుసేన ముందున్న పెద్ద సమస్య, శత్రు భూభాగంలో లోతుగా వెళ్లి దాడి చేయగల విమానం లేకపోవడం. కాన్‌బెర్రా, హంటర్ విమానాలు 1950ల నాటివి. వాటి స్థానంలో కొత్తవి కావాలన్న ప్రతిపాదన 1960ల నుంచి నలుగుతూనే ఉంది. పోటీలో మూడు మిగిలాయి: బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన జాగ్వార్, ఫ్రాన్స్ వారి మిరాజ్ ఎఫ్1, స్వీడన్ వారి విగెన్. విగెన్ ఇంజన్ మూలం అమెరికాది కావడంతో అమెరికా ప్రభుత్వం 1978లో ఆ అమ్మకానికి అడ్డు చెప్పింది. విమానం ఎంత గొప్పదైనా, దాని గుండెకాయ మూడో దేశం అనుమతి మీద ఆధారపడితే కొనేవాడికి భరోసా లేదని తేలిపోయింది.

మొరార్జీ దేశాయి ప్రభుత్వం 1978 అక్టోబరులో, లతీఫ్ బాధ్యతలు చేపట్టిన కొద్ది వారాలకే, జాగ్వార్‌ను ఎంపిక చేసింది. ప్రభుత్వాన్ని ఒప్పించడంలో ఆయన పాత్ర పెద్దది. ఒప్పందంలో 40 విమానాలను తయారైనవి తయారైనట్టుగా బ్రిటన్ నుంచి కొనడం, మిగతావి బెంగళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థలో తయారుచేయడం ఉన్నాయి. అవి వచ్చేలోగా ఖాళీ పూడ్చడానికి బ్రిటిష్ వాయుసేన నుంచి 18 విమానాలను అరువుగా తెచ్చారు. 1979 జులైలో మొదటి జాగ్వార్లు అంబాలాలో దిగి 14వ స్క్వాడ్రన్‌లో చేరాయి. వాటికి భారత వాయుసేన 'శంషేర్' అని పేరు పెట్టుకుంది.

జాగ్వార్ పనితీరు ప్రత్యేకమైనది. ఎత్తున ఎగిరితే రాడార్‌కు దొరుకుతుంది కనుక చెట్ల మీదుగా, కొండల చాటున, చాలా తక్కువ ఎత్తులో దూసుకుపోయేలా దీనిని రూపొందించారు. రెండు ఇంజన్లుండటం వల్ల ఒకటి దెబ్బతిన్నా ఇంటికి చేరే అవకాశం ఉంటుంది. గురిచూపే వ్యవస్థ చోదకుడికి లక్ష్యం దాకా దారి చూపుతుంది. ఈ కొనుగోలుపై విమర్శలూ వచ్చాయి. ఇంజన్ శక్తి చాలదని, ముఖ్యంగా వేడి వాతావరణంలో బరువెత్తినప్పుడు ఇబ్బంది పడుతుందని కొందరు నిపుణులు వాదించారు. ఒప్పందం తీరు మీద రాజకీయ దుమారం కూడా రేగింది. 1980లో ఇందిరా గాంధీ తిరిగి అధికారంలోకి వచ్చాక ప్రభుత్వం దానిని మళ్లీ పరిశీలించింది, అయినా జాగ్వార్ నిలిచింది. 1999 కార్గిల్ పోరులోనూ పనిచేసింది. తయారుచేసిన బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలు తమ జాగ్వార్లకు ఎప్పుడో వీడ్కోలు పలికినా, భారత వాయుసేన వాటిని ఆధునికీకరిస్తూ కొనసాగించింది. ఇంజన్ శక్తి మీద వచ్చిన విమర్శలో పస ఉంది. అయినా ఎంపికను మొత్తంగా తూచి చూస్తే, ఇంతకాలం నిలిచిన విమానాన్ని తప్పుడు కొనుగోలు అనడం కష్టం.

*సోవియట్ విమానాలు.* పడమటి దేశాల విమానం కొన్నా, సోవియట్ యూనియన్‌తో సంబంధాన్ని తెంచుకోలేదు. నేల లక్ష్యాలపై దాడికి ఉపయోగించే మిగ్-23 విమానాలు 1981 మొదట్లో వాయుసేనలో చేరాయి. అత్యంత ఎత్తున ఎగిరి ఫోటోలు తీసే మిగ్-25 విమానాల కోసం చర్చలు కూడా లతీఫ్ కాలంలోనే ఫలించాయి. 1981లో వాటికోసం బరేలీలో 102వ స్క్వాడ్రన్ ఏర్పడింది. 20 కిలోమీటర్లకు మించిన ఎత్తులో, గంటకు దాదాపు 3,000 కిలోమీటర్ల వేగంతో పోగల ఈ విమానాన్ని అప్పటి క్షిపణులు అందుకోవడం చాలా కష్టం. 2006 దాకా ఇవి దేశానికి సేవ చేశాయి.

వాయుసేనాధిపతిగా ఉన్నప్పుడు కూడా లతీఫ్ విమానం ఎక్కడం మానలేదు. సేనలో ఉన్న దాదాపు ప్రతి రకం యుద్ధ విమానంలోనూ ఎగిరారు. చివరిగా ఎగిరినది మిగ్-25లో, పదవీ విరమణకు ముందు. వాపిటితో మొదలైన వృత్తి దానికి పదమూడు రెట్ల వేగమున్న విమానంతో ముగిసింది. రెండు విమానాల మధ్య గడిచిన కాలం నలభై ఏళ్లు కూడా కాదు.

*ఇద్దరు సేనాధిపతులు.* తెలుగు పాఠకులు అంతగా గమనించని విశేషం ఒకటుంది. 1981 జూన్ 1న సైన్యాధిపతి పదవి చేపట్టిన జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు తెలుగువారు. ఆయన కూడా 1923లోనే, లతీఫ్ కంటే ఒక నెల తరువాత, జులై 16న పుట్టారు. ఆయన కూడా 1942లోనే అధికారిగా నియమితులయ్యారు. 1981 జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు, మూడు నెలల పాటు, దేశ సైన్యానికీ వాయుసేనకూ అధిపతులు ఇద్దరూ తెలుగు నేల బిడ్డలే. ఇద్దరూ తరువాత గవర్నర్లుగానూ పనిచేశారు.

1981 ఆగస్టు 31న లతీఫ్ పదవీ విరమణ చేశారు. ఎయిర్ చీఫ్ మార్షల్ దిల్‌బాగ్ సింగ్ ఆ తరువాతి అధిపతి.

గవర్నరు, రాయబారి

1982 మార్చి 6న లతీఫ్ మహారాష్ట్ర గవర్నరు అయ్యారు. ఆయనకు ముందు ఆ పదవిలో ఉన్న ఓ.పి. మెహ్రా కూడా మాజీ వాయుసేనాధిపతే. అప్పటికి బొంబాయిలో బట్టల మిల్లుల కార్మికుల సమ్మె మొదలై రెండు నెలలు కావస్తోంది. దత్తా సామంత్ నాయకత్వంలో సాగిన ఆ సమ్మె నగరపు ఆర్థిక రూపురేఖలనే మార్చేసింది. 1985 ఏప్రిల్ దాకా ఆయన గవర్నరుగా కొనసాగారు. కొద్ది వారాల తాత్కాలిక ఏర్పాటు తరువాత, బాపట్లకు చెందిన కోన ప్రభాకరరావు ఆ స్థానంలోకి వచ్చారు.

1985 నుంచి 1988 వరకు ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా పనిచేశారు. ఫ్రాన్స్‌లో భారత ఉత్సవాలు 1985లో మొదలయ్యాయి. భారత్ కొన్న మిరాజ్ 2000 విమానాల రాక కూడా అదే ఏడాది మొదలైంది. వాయుసేన కొనుగోళ్లు లోతుగా తెలిసిన మాజీ అధిపతి ఆ సమయంలో పారిస్‌లో ఉండటం కలిసివచ్చిన విషయం.

కుటుంబం, చివరి కాలం

1951లో లతీఫ్ బిల్కీస్‌ను పెళ్లాడారు. ఆమె తండ్రి అలీ యావర్ జంగ్ హైదరాబాద్‌కు చెందిన ప్రసిద్ధ పాలనాదక్షుడు, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాల ఉపకులపతి. తల్లి ఆలిస్ ఫ్రాన్స్ దేశస్థురాలు. అలీ యావర్ జంగ్ 1961 నుంచి 1965 వరకు ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా, 1971 నుంచి 1976లో మరణించేవరకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. అంటే మామ నిర్వహించిన రెండు పదవులనూ అల్లుడు తరువాతి కాలంలో నిర్వహించారు. భర్త వెంట బిల్కీస్ కూడా దౌత్య జీవితాన్ని చూశారు.

బిల్కీస్ లతీఫ్ రచయిత్రి. ముంబయిలోని ధారావి మురికివాడలో సేవా కార్యక్రమాలు చేపట్టారు. ఆంధ్ర, తెలంగాణ, హైదరాబాద్ వంటల మీద పుస్తకం రాశారు. భర్త జీవిత చరిత్రను కూడా ఆమే రాశారు. 2009లో పద్మశ్రీ అందుకున్నారు. 2017లో మరణించారు. 1988 నుంచి హైదరాబాద్‌లో స్థిరపడిన లతీఫ్ 2018 ఏప్రిల్ 30న 94 ఏళ్ల వయసులో అదే నగరంలో కన్నుమూశారు. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ప్రాధాన్యం

లతీఫ్‌ను సాధారణంగా రెండు కారణాలకు తలచుకుంటారు: 1947లో తీసుకున్న నిర్ణయం, వాయుసేనకు అధిపతి అయిన మొదటి ముస్లిం కావడం. రెండూ ముఖ్యమైనవే. అయితే వాయుసేన చరిత్ర కోణం నుంచి చూస్తే ప్రణాళికా విభాగంలోనూ, అధిపతి పదవిలోనూ ఆయన చేసిన ఆయుధ ఎంపిక పనికి ఎక్కువ బరువు ఇవ్వాలి. 1980ల భారత వాయుసేన రూపం జాగ్వార్, మిగ్-23, మిగ్-25, మిరాజ్ 2000 విమానాలతో ఏర్పడింది. వీటిలో మొదటి మూడూ ఆయన హయాంలో వచ్చినవే. ఒకే దేశం మీద ఆధారపడకుండా పడమటి నుంచీ తూర్పు నుంచీ కొనే పద్ధతి కూడా ఆ కాలంలోనే గట్టిపడింది. ఇవి ఒక్కరి ఘనత కావు. మంత్రులు, ముందు అధిపతులు, పరీక్షా చోదకులు, ఇంజనీర్లు కలిసి చేసిన పని. కానీ సంతకాలు పడవలసిన సమయంలో ఆ కుర్చీలో కూర్చున్నవారికి విషయం తెలిసి ఉండటం వేరు, తెలియకపోవడం వేరు.

సంబంధిత జీవితాలు: ఫాలీ హోమీ మేజర్

హైదరాబాద్ జంట నగరాలు వాయుసేనకు ఇచ్చిన మరో అధిపతి ఫాలీ హోమీ మేజర్. 1947 మే 29న సికింద్రాబాద్‌లో పార్సీ కుటుంబంలో పుట్టారు. 2007 ఏప్రిల్ నుంచి 2009 మే వరకు వాయుసేనాధిపతిగా ఉన్నారు. యుద్ధ విమాన చోదకులకే దక్కుతూ వచ్చిన ఈ పదవికి చేరిన మొదటి హెలికాప్టర్ చోదకుడు ఆయన. సియాచిన్‌లోనూ, శ్రీలంకలో శాంతి దళంతోనూ పనిచేశారు. 1992 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని పర్వానూ దగ్గర తీగ తెగి లోయ మీద వేలాడుతున్న కేబుల్ కారు నుంచి పర్యాటకులను రక్షించిన సాహసానికి శౌర్య చక్ర అందుకున్నారు.

సంబంధిత సంస్థలు: దుండిగల్, హకీంపేట, బీదర్

లతీఫ్ తరం తరువాత చోదకుల శిక్షణకు తెలంగాణయే కేంద్రమైంది. దుండిగల్‌లో వాయుసేన అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా యుద్ధ విమాన చోదకులుగా నియామకం పొందింది అక్కడే. హకీంపేటలో తరువాతి దశ శిక్షణ నడుస్తుంది. పొరుగునున్న బీదర్‌లో 2008 నుంచి హాక్ జెట్ విమానాలపై ఉన్నత శిక్షణ ఇస్తున్నారు. సూర్యకిరణ్ విన్యాస బృందం 1996లో పుట్టింది కూడా బీదర్‌లోనే.

ఒకప్పుడు తమ జిల్లా కేంద్రమైన ఆ ఊరే ఈనాడు కల్హేర్, నారాయణఖేడ్ వాసులకు దగ్గరి వాయుసేన కేంద్రం. ఈ మండలాల విద్యార్థులు లతీఫ్ వెళ్లిన దారిన వెళ్లాలంటే ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరిగా ఉండాలి. ఆ అర్హతతో జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. దానిని కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహిస్తుంది. ఇప్పుడు అమ్మాయిలు కూడా ఈ పరీక్ష రాయవచ్చు. డిగ్రీ పూర్తిచేసినవారికి వాయుసేన ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. రాత పరీక్ష గట్టెక్కాక ఎంపిక మండలి ఇంటర్వ్యూ, కఠినమైన వైద్య పరీక్ష ఉంటాయి. విమాన చోదక సామర్థ్య పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే ఫ్లయింగ్ శాఖ తలుపు మూసుకుపోయినట్టే. కాబట్టి ఆ పరీక్షకు తొందరపడి కాకుండా తగిన తయారీతో వెళ్లాలి.